మీకు తెలుసా? వేల్స్ నుంచి టెక్కలి దాకా, వినడానికి కట్టిన గుళ్ళు

టెక్కలి, సోంపేట లాంటి పాత మిషను ఊళ్ళలోనూ, ఉద్దానం పల్లెల్లో కొబ్బరి, జీడి తోటల నడుమనూ ఉన్న బాప్టిస్టు చర్చిలను ఎప్పుడైనా ఆగి చూశారా? పొడవాటి గది, రెండు వాలుల పైకప్పు, రెండు పక్కలా ఎత్తైన కిటికీలు. విగ్రహం ఉండదు, రంగురంగుల అద్దాలు ఉండవు. చాలామంది వీటిని 'ఏదో బడిలా ఉందే' అనుకుని ముందుకు సాగిపోతారు. ఆ సాదాతనం వెనక దాదాపు నాలుగు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో సగం మన శ్రీకాకుళానిది కాదు, బ్రిటన్‌కు పడమటి అంచున ఉన్న చిన్న దేశం వేల్స్‌ది.

చట్టానికి భయపడి పశువుల శాలలో మొదలైంది

ఇంగ్లండు రాజుగారి అధికారిక చర్చి పద్ధతులకు తలవంచని క్రైస్తవులను నాన్‌కన్ఫార్మిస్టులు అన్నారు. బాప్టిస్టులు, కాంగ్రిగేషనలిస్టులు, ప్రెస్బిటేరియన్లు ఇందులోకే వస్తారు. ఆ అధికారిక పద్ధతులను తప్పనిసరి చేసిన 1662 చట్టంతో దాదాపు 2000 మంది బోధకులు పదవులు పోగొట్టుకున్నారు. 1665లో మరో చట్టం వచ్చి, అలాంటి బోధకుడు తన పాత ఊరికి అయిదు మైళ్ళ లోపు కనబడకూడదంది. దాంతో ఆరాధన ఇళ్ళలో, అడవుల్లో, ధాన్యపు కొట్టాల్లో జరిగింది. 1689లో కొంత సడలింపు దొరికాక, అనుమతి తీసుకుని మందిరం పెట్టుకునే వీలు కలిగింది.

వేల్స్‌లోని పోవిస్ ప్రాంతంలో మేస్-ఇర్-ఒనెన్ అనే చాపెల్ (నాన్‌కన్ఫార్మిస్టుల ఆరాధన మందిరం) ఉంది. 1690ల చివర్లో ఒక రైతు కొట్టాన్నే ఆరాధన స్థలంగా మార్చి తయారుచేశారు. బయటినుంచి చూస్తే ఈనాటికీ అది పొలంలోని ఇల్లులాగే ఉంటుంది. దాక్కోవలసి వచ్చిన రోజుల్లో పుట్టిన ఆ రూపాన్ని, దాక్కోవలసిన అవసరం పోయాక కూడా వాళ్ళు వదులుకోలేదు. నన్ను ఎక్కువగా కదిలించేది ఇదే.

వేల్స్ నుంచి శ్రీకాకుళానికి దారి నేరుగానే ఉంది

ఈ దారి గురించి మన దగ్గర దాదాపు ఎవరూ చెప్పుకోరు. వేల్స్‌లో తొలి బాప్టిస్టు సంఘం 1649లో స్వాన్సీ దగ్గర ఇల్‌స్టన్‌లో ఏర్పడింది. దాన్ని స్థాపించిన జాన్ మైల్స్, 1662 చట్టం తర్వాత తన మనుషులతో అట్లాంటిక్ దాటి అమెరికాలోని మసాచుసెట్స్ చేరాడు. అక్కడ వాళ్ళు కట్టుకున్న ఊరికి పాత ఊరి జ్ఞాపకంగా స్వాన్సీ అనే పేరే పెట్టుకున్నారు. ఆ అమెరికా స్వాన్సీ నుంచి 1763లో నాథన్ మేసన్ నాయకత్వంలో కొన్ని కుటుంబాలు ఇప్పటి కెనడాలోని సాక్‌విల్‌కు వలస వెళ్ళాయి. కెనడా గడ్డ మీద తొలి బాప్టిస్టు సంఘంగా దాన్నే లెక్కిస్తారు. వాళ్ళలో చాలామంది కొన్నేళ్ళకు వెనక్కి వెళ్ళిపోయినా, ఆ తీరప్రాంతంలో బాప్టిస్టులు బలంగా పెరిగారు.

ఆ కెనడా తూర్పు తీరపు బాప్టిస్టులే 1875లో మన ఉత్తర కోస్తాకు వచ్చారు. మొదట సయాం దేశం (ఇప్పటి థాయ్‌లాండ్) వెళ్ళి, అక్కడ అనుకున్న పని కుదరక ఇటు మళ్ళారు. భీమునిపట్నం, శ్రీకాకుళం, బొబ్బిలి, ఆ తర్వాత పర్లాకిమిడి, పాలకొండ, టెక్కలి, సోంపేట వాళ్ళ మిషను కేంద్రాలయ్యాయి. ఇల్‌స్టన్, స్వాన్సీ, సాక్‌విల్, శ్రీకాకుళం. ఈ నాలుగు పేర్లనూ ఒక గీతతో కలపవచ్చు.

అంతకుముందే ఒక తెలుగువాడు, ఒక శ్రీకాకుళం మకాం

మిషనంటే దొరలే మొదలుపెట్టారని అనుకుంటాం. కెనడా బాప్టిస్టుల తెలుగు మిషనుకు 1874లో కాకినాడ చేరిన జాన్ మెక్‌లారిన్‌ను ఆద్యుడిగా చెబుతారు. కానీ కాకినాడలో ఆ పనికి పునాది వేసినది తంతి శాఖలో ఉద్యోగం చేసిన తెలుగువాడు థామస్ గాబ్రియేలు. తాను మొదలుపెట్టిన పనిని అందుకొమ్మని ఆయన అడిగితేనే కెనడావాళ్ళు వచ్చారు.

ఇంకొక సంగతి. నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టు మిషనుకు మూలపురుషుడైన శామ్యూల్ డే 1836లో తెలుగునాట ముందు అడుగుపెట్టింది విశాఖపట్నంలో. అక్కడినుంచి శ్రీకాకుళం వచ్చి కొంతకాలం ఉన్నాడు. ఆ తర్వాతే మద్రాసు, 1840లో నెల్లూరు. అంటే అమెరికా తెలుగు మిషను తొలి అడుగుల్లో మన జిల్లా ఉంది.

గర్భగుడి లేదు, బలిపీఠం లేదు: మధ్యలో మాట ఉంది

శ్రీముఖలింగం వెళ్ళినవారికి తెలుసు. అక్కడి మధుకేశ్వరాలయంలో మన చూపు, నడక అన్నీ గర్భగుడి వైపు సాగుతాయి. మండస వాసుదేవ ఆలయమూ అంతే. కేథలిక్ చర్చిలో చూపు బలిపీఠం మీదికి పోతుంది. నాన్‌కన్ఫార్మిస్టు చాపెల్‌లో పోయేది ప్రసంగ వేదిక మీదికి. వెల్ష్, అంటే వేల్స్ దేశపు, చాపెల్‌లో ఆ వేదిక నట్టనడుమ, ఎత్తుగా, మెట్లెక్కి పోయేలా ఉంటుంది. దాని ముందు ఒక సాదా బల్ల. బల్ల చుట్టూ చిన్న కటకటాలతో అర్ధచంద్రంగా ఒక ఆసనం. దాన్ని వాళ్ళు 'పెద్ద ఆసనం' అంటారు. సంఘ పెద్దలు ప్రజల ముందు, బోధకుడి పాదాల దగ్గర కూర్చుంటారు. ప్రసంగం బాగుంటే అక్కడినుంచే తలలూపుతారు, తప్పితే అక్కడినుంచే ముఖం చిట్లిస్తారు. బోధకుడికి తొలి న్యాయమూర్తులు వాళ్ళే.

మన ఊరి చర్చిలో ఆ పెద్ద ఆసనం కొయ్య బెంచీగానో, పక్కన వేసిన కుర్చీలుగానో మిగిలింది. పాస్టరు గారి పక్కన సంఘ పెద్దలు, ముందు ప్రభువు బల్ల. ఏర్పాటు మాత్రం అదే.

జనమంతా ఒకే కప్పు కింద చేరే ఆరాధన మందిరం ఈ ప్రాంతానికి కొత్త కూడా కాదు. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద గజపృష్ఠాకారంలో బౌద్ధ చైత్యగృహపు పునాదులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ స్థలాన్ని 1919లో లోకానికి చూపించింది మన గిడుగు రామమూర్తి పంతులుగారు.

ఈ కట్టడానికి కొలబద్ద చెవి

వాస్తు పుస్తకాలు తిరగేసేవారికి ముఖద్వారమే ముఖ్యం. చాపెల్‌ను అలా చూస్తే అన్యాయం చేసినట్టే. అది వినడానికి కట్టిన గది.

మాట స్పష్టంగా వినబడాలంటే గదిలో ప్రతిధ్వని ఇంచుమించు ఒక సెకనులో చచ్చిపోవాలి. పెద్ద రాతి కేథడ్రల్లో అది నాలుగైదు సెకన్లు, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువే తిరుగుతుంది. అక్కడ నెమ్మదిగా సాగే గానం బాగుంటుంది, ప్రసంగం మాత్రం ముద్దైపోతుంది. అందుకే చాపెల్ కట్టేవాళ్ళు గదిని మరీ పొడవు చేయకుండా, మూడు పక్కలా కొయ్య గ్యాలరీ వేసి జనాన్ని వేదికకు దగ్గరగా చేర్చారు. చివరి వరుసలో కూర్చున్న ముసలమ్మకు కూడా బోధకుడి ముఖం కనబడాలి, మాట అందాలి. కొయ్య బెంచీలు, గ్యాలరీలు, కిక్కిరిసిన మనుషులు కలిసి ధ్వనిని మింగేవి.

మన పెంకుటి చర్చిలో ఆ పని వేరే విధంగా జరిగింది. పెంకుల సందులగుండా, తెరిచిన కిటికీలగుండా ధ్వని బయటికి పోతుంది. తిరిగి వచ్చేది తక్కువ. అందుకే మైకు లేని రోజుల్లో కూడా పాస్టరు గారి మాట వెనక చాప దాకా వినబడేది. అదే చర్చిని పడగొట్టి సిమెంటు స్లాబు వేసి, గోడలకు టైల్సు అంటించి, రెండు పెద్ద స్పీకర్లు పెడితే ఏమవుతుందో ఆదివారం వెళ్ళేవాళ్ళందరికీ తెలుసు. శబ్దం పెరుగుతుంది, మాట విరుగుతుంది. స్లాబు తప్పనిసరి అయితే కనీసం వెనక గోడకైనా గరుకు గచ్చో, చెక్కో, మందపు తెరలో ఉండాలి. మేస్త్రీకి ఈ ఒక్క మాట చెప్పేవాళ్ళు లేక ఎన్ని కొత్త చర్చిలు పాడవుతున్నాయో!

పాట కోసం గ్యాలరీ, పాట కోసం చాప

వెల్ష్ చాపెళ్ళు పాటకు పేరు పొందాయి. 1859లో అబెర్డేర్‌లో మొదలైన సామూహిక గాన సభల్లో జనమే నాలుగు స్వరాల్లో విడిపోయి పాడేవారు. గ్యాలరీలు ఆ పనికి చక్కగా కుదిరాయి.

మన దగ్గర చాపల మీద కూర్చున్నవారి పాట ఒకే వరుసలో, తాళాలతో, కంజిరతో సాగింది. దానికి మూలస్తంభం మన ప్రాంతపు మనిషే. పర్లాకిమిడి సీమలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి బ్రాహ్మణ కుటుంబంనుంచి వచ్చి, 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. 1890లో కన్నుమూసేదాకా కీర్తనలు రాస్తూనే ఉన్నారు. కటకంలో ఉన్నది ఇంగ్లండు జనరల్ బాప్టిస్టుల మిషను. వాళ్ళూ నాన్‌కన్ఫార్మిస్టులే. కెనడావాళ్ళు ఓడ దిగేనాటికే మన పాట సిద్ధంగా ఉంది. గది వాళ్ళ పద్ధతిలో లేచినా, అందులో మోగింది పురుషోత్తమ చౌదరిగారి కీర్తన. తెలుగు చాపెల్ అని దేన్నైనా అనాలంటే ఈ కలయికనే అనాలి.

రెండు తలుపులు

పాత వెల్ష్ చాపెల్‌కు తరచు రెండు తలుపులుంటాయి. తొలినాళ్ళ వాటిలో అవి రెండూ పొడవు గోడకే ఉండి, మధ్యలో ప్రసంగ వేదిక ఉండేది. ఆలస్యంగా వచ్చినవాడు సభ అంతటి ముఖం ముందుకే రావాలి! 1822లో సెరెడిజియన్ కొండల్లో గొర్రెల కాపరుల కోసం కట్టిన సోర్-ఇ-మినిడ్ ఈ కోవలోదే. మన చర్చిల్లో ఆడవారు ఒక పక్క, మగవారు ఒక పక్క కూర్చోవడం ఆనవాయితీ కాబట్టి, రెండు పక్క తలుపులు ఇక్కడ వేరే పనికి వచ్చాయి. చెప్పులు బయట వదలడం పూర్తిగా మన చేర్పు.

చర్చి అడుగున నీళ్ళ తొట్టి

బాప్టిస్టులు పసిబిడ్డ నుదుట నీళ్ళు చల్లరు. విశ్వసించిన మనిషిని నిండా ముంచుతారు. వెల్ష్ బాప్టిస్టులు మొదట ఏటిలో ముంచేవారు. తర్వాత చాలా చాపెళ్ళలో వేదిక ముందు నేలలోనే తొట్టి కట్టి, మామూలు రోజుల్లో పైన పలకలు పరిచారు. ఆ పలకల మీదే పెద్దల ఆసనం. పలకలు తీస్తే మెట్లు, మెట్ల కింద నీళ్ళు.

మన దగ్గర తొట్టి ఉన్నా లేకపోయినా ఆగలేదు. వంశధార ఉంది, మహేంద్రతనయ ఉంది, ఊరి చెరువు ఉంది, ఉద్దానం పల్లెకైతే సముద్రమే ఉంది. తెలుగు బాప్టిస్టుల చరిత్రలో అతి పెద్ద బాప్తిస్మానికి కట్టడమే లేదు. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం పొందారు.

పదిహేనేళ్ళ పిల్ల నడక, తెలుగు బైబిలు

1800లో మేరీ జోన్స్ అనే పదిహేనేళ్ళ వెల్ష్ పిల్ల, ఏళ్ళ తరబడి కూడబెట్టిన డబ్బుతో, బైబిలు కొనడానికి దాదాపు 40 కిలోమీటర్లు చెప్పుల్లేని కాళ్ళతో బాలా అనే ఊరికి నడిచింది. ఆమెకు బైబిలు ఇచ్చిన థామస్ చార్లెస్ తదితరుల చొరవతో 1804లో బ్రిటిష్ బైబిలు సొసైటీ పుట్టింది. 1820లో మద్రాసులో దాని శాఖ వెలిసింది. విశాఖపట్నానికి 1805లో వచ్చిన లండన్ మిషనువాళ్ళు ఆనందరాయర్ అనే ఆయన సాయంతో చేసిన తెలుగు సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. ఆ లండన్ మిషనులో ఎక్కువమంది కాంగ్రిగేషనలిస్టులు, అంటే చాపెల్ మనుషులే. పుస్తకం చేతికి రావాలంటే చదువు రావాలి. అందుకే వేల్స్‌లో చాపెల్ పక్కన బడి గది, ఇక్కడ మిషను కాంపౌండులో బడి.

ముఖం మీద చదవదగ్గ ఫలకం

వెల్ష్ చాపెల్ గోడ పైన, రెండు వాలులూ కలిసే చోట, ఒక రాతి ఫలకం ఉంటుంది. దగ్గరికి వెళ్ళి చదివితే చాపెల్ పేరు, శాఖ పేరు, కట్టిన సంవత్సరం, పెంచిన సంవత్సరం, తిరిగి కట్టిన సంవత్సరం వరుసగా ఉంటాయి. కొన్నిటికి నాలుగేసి తేదీలు. జనం పెరిగినప్పుడల్లా గది పెరిగింది, ఫలకం మీద ఒక పంక్తి పెరిగింది. సొంత డబ్బుతో, గనికార్మికుల అణా కానీలతో కట్టుకున్నవాళ్ళు ప్రతి అడుగునూ రాసుకున్నారు. మన చర్చిల్లో పునాదిరాయి మీద ప్రారంభించిన పెద్దమనిషి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది గానీ, ఎప్పుడు కప్పు మార్చారో, ఏ తుఫానుకు గోడ పడిందో ఎక్కడా ఉండదు.

పేర్లు మాత్రం రెండు చోట్లా ఒకటే. సీయోను, బేతేలు, హెబ్రోను, ఎబెనేజరు. వేల్స్‌లో బెతెస్డా అనే పలకరాతి గనుల పట్టణానికి పేరు వచ్చిందే అక్కడి చాపెల్ వల్ల. అక్కడ నీలి పలకరాయి, మన టెక్కలిలో నీలి గ్రానైటు. రెండూ ఓడలెక్కి దేశాలు తిరిగినవే.

భూమి కంపిస్తే ఒకలా, గాలి వీస్తే ఒకలా

వెల్ష్ మిషనరీలు 1841 నుంచి ఈశాన్య భారతంలోని ఖాసీ కొండల్లో పనిచేశారు. తమ దేశంలోలాగే రాతి చాపెళ్ళు కట్టారు. 1897 జూన్ 12న వచ్చిన పెను భూకంపం ఆ కొండల్లో రాతి కట్టడాలను దాదాపు అన్నిటినీ నేలమట్టం చేసింది. ఆ తర్వాత అక్కడ కొయ్య చట్రం, రెల్లు గోడ, మీద పల్చటి గచ్చు, తేలికపాటి రేకు కప్పుతో ఇళ్ళు, చర్చిలు లేచాయి. కట్టడం ఆ నేల మాట వినవలసి వచ్చింది.

ఉద్దానానికి గండం గాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వజ్రపుకొత్తూరు మండలం దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు ఎలా పడిపోయాయో పలాస, కాశీబుగ్గ వాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఇక్కడ చాపెల్ రూపంలోనే ఒక బలహీనత ఉంది. ముందూ వెనకా నిటారుగా లేచే త్రికోణపు గోడ గాలికి ఎదురు నిలుస్తుంది. కప్పు మీదుగా దూకే గాలి వెనక వాలును పైకి లాగుతుంది. పెంకులు ఎగిరేది ఎక్కువగా వెన్ను దగ్గర, అంచుల దగ్గర. నాలుగు వైపులా వాలిన కప్పు గాలిని మెరుగ్గా తట్టుకుంటుంది. త్రికోణపు గోడే ఉంచుకోవాలనుకుంటే, వెన్ను పెంకులను సున్నంతో బిగించాలి, వాసాలను గోడకు ఇనుప పట్టీలతో కట్టాలి, త్రికోణపు గోడకు అడ్డంగా ఒక పట్టీ దూలం వేయాలి.

సిమెంటు రాకముందు మన తీరంలో కట్టడాలకు వాడిన సామాను కూడా మరిచిపోదగ్గది కాదు. గుల్ల సున్నాన్ని ఇసకతో గానుగలో ఆడి, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపి గోడలు గచ్చు చేసేవారు. తాటి దూలాలు, బంగళా పెంకులు. ఆ సున్నపు గోడ తేమను పీల్చి తిరిగి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే ఇరుక్కుని ఇటుక పొడిపొడిగా రాలుతుంది. పాత చర్చికి 'బాగు' పేరుతో జరిగే అతి పెద్ద నష్టం ఇదే.

సోంపేట కాంపౌండునుంచి లోకమంతటికీ

సోంపేట మిషను ఆసుపత్రిలో కంటి వైద్యం చేసిన డాక్టర్ బెన్ గల్లిసన్ మాట విని, కెనడాలోని కాల్గరీ వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ 1963లో ఆపరేషన్ ఐసైట్ సంస్థను ప్రారంభించారు. అది తర్వాత అనేక దేశాలకు వ్యాపించింది. చర్చి, బడి, ఆసుపత్రి ఒకే ప్రహరీలో ఉండే మిషను కాంపౌండు పద్ధతిని చర్చిని ఒక్కదాన్నే విడదీసి చూస్తే అర్థం చేసుకోలేం.

ఇప్పుడు వేల్స్‌లో ఏం జరుగుతోంది?

1851 జనగణన రోజున వేల్స్‌లో ఆరాధనకు వెళ్ళినవారిలో అయిదింట నాలుగు వంతులు చాపెళ్ళకు వెళ్ళినవారే. 1872లో మోరిస్టన్‌లో వాళ్ళు పెద్ద స్తంభాలతో, శిఖరంతో ఒక మహా చాపెల్ కట్టుకుని దాన్ని తమ కేథడ్రల్ అనుకున్నారు. ఈ రోజు ఆ దేశంలో చాపెళ్ళు వరసగా మూతపడుతున్నాయి. కొన్ని ఇళ్ళయ్యాయి, కొన్ని దుకాణాలయ్యాయి. అయినా వాళ్ళ ప్రభుత్వ పురావస్తు సంస్థ 6000కు పైగా చాపెళ్ళ వివరాలు నమోదు చేసింది. ముఖ్యమైన కొన్నిటిని కాపాడడానికి ప్రత్యేకంగా ఒక ట్రస్టు ఉంది.

మన దగ్గర పరిస్థితి తలకిందులు. సంఘం పెరుగుతోంది, పాత గుడి చాలడం లేదు, కాబట్టి పడగొడుతున్నారు. కొత్తది కట్టుకోవద్దని ఎవరూ అనలేరు. పలాస, టెక్కలి, సోంపేట, ఉద్దానం సంఘ పెద్దలకు, అక్కడ చదువుకుంటున్న పిల్లలకు నా విన్నపం ఒక్కటే. పలుగు వేసే ముందు గది పొడవు, వెడల్పు, ఎత్తు టేపు పట్టి రాసుకోండి. నాలుగు గోడలూ, కప్పు లోపలి దూలాలూ, పునాదిరాయీ ఫోటో తీయండి. ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగి ఎవరు కట్టారో, పెంకులు ఎక్కడినుంచి వచ్చాయో, ఏ తుఫానుకు ఏది పోయిందో ఒక నోటుపుస్తకంలో ఎక్కించండి. దాని ఒక ప్రతి చర్చి పెట్టెలో, ఒక ప్రతి మండల గ్రంథాలయంలో పెట్టండి. పాత శిలాఫలకాన్ని మాత్రం పారేయకుండా కొత్త గోడలో బిగించండి.